చల్లగాలి హీటరూ, ఎడమ మడమ ముఠా

"బావా! చెమటలు పట్టించే నేరాలు బోలెడు చూశాను. చలి పుట్టించే నేరాన్ని చూడటం మాత్రం ఇదే మొదటిసారి. ఈ క్షణం నుంచి ఇది కారు కాదు, నేరస్థలం. ఎవరూ కదలొద్దు!"

కారులో ఉన్నది నేనొక్కణ్ణే. కదిలే ఓపిక ఎప్పుడో పోయింది, చలికి కొయ్యబారిపోయి ఉన్నాను.

ఈ ప్రకటన చేసినవాడు నా బావమరిది. చెప్పుల షాపులో పని. పగలంతా జనం కాళ్ల దగ్గర కూర్చుని కొలతలు తీస్తాడు, మిగతా టైములో నేరాలు పరిశోధిస్తాడు. డేగకన్ను అని బిరుదు కూడా తనకు తనే ఇచ్చుకున్నాడు. ఆ డేగకు సోడాబుడ్డి కళ్లద్దాలు. పోయినేడు మా బీరువా తాళంచెవి కనబడకపోతే ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి విచారించాడు. చివరికి అది వాడి కోటు జేబులోంచే రాలింది. "నేరస్థుణ్ణి పట్టుకున్నానా లేదా?" అన్నాడు తప్ప సిగ్గుపడలేదు.

ఇలాంటివాణ్ణి నేనెందుకు పిలిచానంటారా? నేను పిలవలేదు. వాడే వచ్చాడు. కేసు ఉన్నచోటికి డేగ పిలవకుండానే వస్తుందట.

నాది ఒక గదీ, ఒక కారూ, ఒక మాస్టారూ ఉన్న డ్రైవింగ్ స్కూలు. ఆ మాస్టార్ని నేనే. ప్రస్తుతం నా దగ్గర నేర్చుకుంటున్నది మా వదిన, అంటే మా ఆవిడకూ ఈ డేగకన్నుకూ పెద్దక్క. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ, నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకుంది. ఒక చిన్నపిల్లల బడివాళ్లు తమ వ్యాను నడపడానికి మనిషి కావాలన్నారు. కూర్చుని చేసే పని, పైగా పిల్లలంటే వదినకు ప్రాణం. సోమవారానికల్లా లైసెన్సు తెస్తే ఉద్యోగం ఆమెది. తేకపోతే ఇంకొకరిది. పరీక్ష రేపు పొద్దున.

వదిన బండి బాగానే నడుపుతుంది, ఒక్క ఎత్తు దగ్గర తప్ప. పరీక్షలో ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ ముందుకు తీయాలి. వదిన ఆపుతుంది, ముందుకూ తీస్తుంది. కానీ మధ్యలో కారు ఒకసారి వెనక్కి వెళ్లి ఊరు చూసి వస్తుంది. మొదటి పరీక్ష అలాగే పోయింది. రెండోసారి ఎత్తుదాకా కూడా పోలేదు. హీటరు వేడిగాలి మానేసి చల్లగాలి ఊదటంతో ముందద్దం లోపలివైపు మసకబారిపోయింది. "దారి కనిపించని బండిలో నేను కూర్చోను" అని పరీక్షాధికారి దిగిపోయాడు. రేపూ అదే జరిగితే వదిన మళ్లీ ఇస్త్రీబల్ల దగ్గర నిలబడాల్సిందే. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

"లక్షణాలు చెప్పు," అన్నాడు డేగకన్ను.

"ఫ్యాను తిరుగుతోంది. ఇంజను వేడెక్కుతోంది. గాలి మాత్రం మంచుగడ్డ మీదనుంచి వచ్చినట్టు వస్తోంది. నీళ్లు తగ్గాయేమోనని నిన్న నేనే నిండా పోశాను. అయినా అంతే."

"అంటే వేడి పుట్టింది. బయల్దేరింది. గమ్యం చేరలేదు." గొంతు తగ్గించాడు. "కిడ్నాప్!"

"ఒరే, పోయినవారం నీళ్ల గొట్టం పగిలితే మెకానిక్ కొత్తది వేశాడు. అప్పట్నుంచే ఈ రోగం. వాణ్ణి అడుగుదామంటే జ్వరమొచ్చి పడుకున్నాడు. మిగతా గ్యారేజీలవాళ్లు వచ్చేవారం రమ్మంటున్నారు."

"సరిగ్గా ఇప్పుడే జ్వరమా!" వాడి కళ్లద్దాలు తళుక్కుమన్నాయి. "నీ కారులో వేడి తగ్గింది. వాడి ఒంట్లో వేడి పెరిగింది. ఈ రెంటికీ సంబంధం నీకు కనబడట్లేదూ?"

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను మెకానిక్‌ను తిట్టుకుంటున్న మాట నిజమేగానీ, మరీ ఇంత అనుకోలేదు. క్లచ్చూ బ్రేకూ తొక్కడం తెలుసు తప్ప బానెట్ కింద ఏముందో నాకూ తెలియదు మరి.

డేగకన్ను కారు చుట్టూ పాకుతూ తిరిగాడు. ముందు చక్రం పక్కన, మంచు పట్టిన మట్టిలో ఒక అడుగు కనబడింది. జేబులోంచి టేపు తీసి కొలిచాడు. మొహం మట్టికి ఆనించి చాలాసేపు చూశాడు.

"తొమ్మిదో నంబరు. ఎడమ మడమ బయటివైపు అరిగింది. మొహం అబద్ధమాడుతుంది బావా, మడమ ఆడదు. నీకు శత్రువులెవరైనా ఉన్నారా?"

"ఎదురుగా ఉన్న డ్రైవింగ్ స్కూలు ఓనరుకు నేనంటే పడదు. అయినా..."

అయినా అనే మాట వాడి చెవిన పడేలోపే వీధి దాటేశాడు. ఎదురు స్కూలు మీసాలాయన టీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. వీడేం చెప్పాడో ఏమోగానీ, ఆయన బూటు విప్పడం, వీడు నేల మీద కూర్చుని ఆయన పాదాన్ని ఒళ్లో పెట్టుకోవడం అద్దంలోంచి నాకు కనబడుతూనే ఉంది. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"నిర్దోషి. ఆయనది ఏడో నంబరు. కానీ పాపం ఎనిమిదో నంబరు వేసుకుని తిరుగుతున్నాడు. రేపు సాయంత్రం మా షాపుకొస్తానన్నాడు."

"ఒరే, నాది తొమ్మిదో నంబరే," అన్నాను విసుగ్గా. "ఎడమ మడమ అరిగిందంటే క్లచ్ తొక్కి తొక్కి అరిగింది. డ్రైవర్లందరికీ అంతే."

డేగకన్ను ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. "అందరికీనా? అంటే ఒక్కడు కాదన్నమాట. ముఠా!"

ఆ సాయంత్రం ఇంట్లో వదిన పీట మీద కూర్చుని, ఎదురుగా మూడు చెప్పులు పెట్టుకుని, వాటినే క్లచ్, బ్రేక్, యాక్సిలరేటర్ అనుకుని తొక్కుతోంది. "మెల్లగా వదలాలి... మెల్లగా..." అని గొణుక్కుంటోంది. పెదవులు ఎండిపోయాయి. నన్ను చూసి, "మరిదిగారూ, అద్దం సంగతేమైంది?" అంది. "పరిశోధన జరుగుతోంది వదినా," అన్నాను. ఆమె తమ్ముడి వైపు ఒక చూపు చూసి, లోపల్నుంచి తుడవడానికి రెండు పాత తువ్వాళ్లు తెచ్చి సంచిలో పెట్టుకుంది. దేవుడి కన్నా తువ్వాలే నమ్మకం అనిపించింది కాబోలు.

మర్నాడు పొద్దున నేను కారు అద్దాలు తుడుస్తుంటే డేగకన్ను బానెట్ ఎత్తి, చల్లగా ఉన్న ఇంజను మీదికి వంగి, నీళ్లుపోసే మూత తిప్పి వాసన చూశాడు.

"విషం కలిపిన ఛాయలు లేవు," అని మూత మళ్లీ పెట్టాడు. పెట్టాడన్నానే గానీ, బిగించాడని అనలేదు. ఆ తేడా నాకు తరవాత తెలిసింది.

పరీక్ష మైదానంలో మమ్మల్ని చూడగానే అధికారి మొహం చిట్లించాడు. మనిషి మెడకు మఫ్లర్, చేతులకు తొడుగులు, ముక్కు చివర ఎరుపు. పొద్దుట్నుంచీ కొత్త డ్రైవర్ల పక్కన కూర్చుని చలికీ భయానికీ ఒకేసారి వణుకుతున్నాడు.

"మళ్లీ ఇదే కారా? అద్దం మసకబారిందంటే ఎక్కడుంటే అక్కడ దిగిపోతాను. ముందే చెబుతున్నా."

డేగకన్ను నా చెవి దగ్గరికొచ్చాడు. "బావా, ఆయన ఎడమ మడమ చూశావా? అరిగింది! తొమ్మిదో నంబరు! ముఠా నాయకుడు!"

"నీకు దణ్ణం పెడతాను. ఆ గదిలో కూర్చో. లేవకు."

"కూర్చుంటాను," అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం వాడి మొహం చాలా నిజాయితీగా ఉంటుంది.

నేర్పినవాడు వెనకసీట్లో నోరుమూసుకుని కూర్చోవచ్చని అక్కడ నియమం. కూర్చున్నాను. వదిన బండి తీసింది. మలుపులు తిరిగింది, గుర్తులు చూసింది, వెనక్కి నడిపింది. అన్నీ బాగా చేసింది. అద్దం కిందివైపునుంచి మసక ఎక్కుతోంది. ఆగినప్పుడల్లా తువ్వాలు పెట్టి తుడుస్తోంది. అధికారి ప్రతిసారీ గట్టిగా నిట్టూరుస్తున్నాడు, ఆ నిట్టూర్పుతో అద్దం ఇంకాస్త మసకబారుతోంది.

ఎత్తు వచ్చింది. మధ్యలో బండి ఆపమన్నాడు అధికారి. ఆపింది.

సరిగ్గా అప్పుడు ఎత్తు పైనుంచి, మా కిటికీ పక్కగా, ఒక నల్లకోటు వెల్లకిలా జారుకుంటూ కిందికి వెళ్లింది.

"అదేమిటి?" అన్నాడు అధికారి.

నేను వెనక్కి తిరిగి చూశాను. డేగకన్ను! ముఠా నాయకుణ్ణి నేరం చేస్తుండగా పట్టుకోవడానికి పైనుంచి గట్టు వెంట పొంచి వచ్చాడు. చప్పుడు కాకూడదని షాపులోంచి కొత్త తోలు బూట్లు వేసుకొచ్చాడు. వాటికి చప్పుడూ లేదు, పట్టూ లేదు. మంచు మీద కాలు పెట్టిన మరుక్షణం జారి, సరిగ్గా మా వెనక చక్రాలకు దిగువన అడ్డంగా ఆగాడు. లేవబోతాడు, జారతాడు. మళ్లీ లేవబోతాడు, మళ్లీ అక్కడికే జారతాడు.

వదిన వెనక దారి చూపే పక్కద్దంలోకి చూసింది. ఆమెకు కనబడింది రెండు కొత్త బూట్ల అడుగుభాగాలు మాత్రమే.

"వాడేనా?"

"వాడే వదినా."

నేను తలుపు మీద చెయ్యి వేశాను, దిగి వాణ్ణి లాగేద్దామని.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచింది వదిన.

ఈసారి నిజంగానే ఎవరూ కదల్లేదు. బరువు మారితే బండి జారుతుందేమోనని ఆమె భయం. హ్యాండ్‌బ్రేక్ పిడిని రెండు తరాల పగ ఉన్నట్టు పట్టుకుంది. దాని మీదా నమ్మకం లేక, క్లచ్ సగం వదిలి, యాక్సిలరేటర్ తొక్కిపట్టింది. ఇంజను హోరెత్తుతోంది. కారు ముక్కు ఆకాశంలోకి పెట్టి వణుకుతోంది గానీ, వెంట్రుకవాసి కూడా వెనక్కి జారడం లేదు. వదిన నుదుటి మీద ఆ చలిలోనూ చెమట. ఇంతకుముందు ఆమెను నేనెప్పుడూ అలా చూడలేదు.

తుడవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు. అద్దం మొత్తం తెల్లబడింది.

"నాకు ముందు ఏమీ కనబడటం లేదు," అన్నాడు అధికారి. "క్షమించాలి. ఈ పరీక్ష ఇక..."

బానెట్ కింద గుడగుడమని చప్పుడైంది. ఎవరో పెద్దమనిషి తృప్తిగా త్రేన్చినట్టు ఒక్కటి. ఆ వెనకే హీటరులోంచి గాలి వచ్చి మా మొహాలకు తగిలింది. వెచ్చగా ఉంది. చూస్తుండగానే వేడెక్కింది. అద్దం మీద మసక కిందనుంచి పైకి తెర లేచినట్టు లేచిపోయి, ఎత్తూ, పైన ఆకాశమూ కనబడ్డాయి.

అధికారి మాట పూర్తి చేయలేదు. తొడుగులు విప్పి, రెండు చేతులూ గాలికి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"కానివ్వమ్మా," అన్నాడు మెల్లగా. "ముందుకు తియ్యి."

వదిన ముందుకు తీసింది. కారు ముందుకే వెళ్లింది. వెనక్కి ఒక్క అంగుళం కూడా వెళ్లలేదు.

పైన చదునుగా ఉన్నచోట ఆపించి అధికారి అన్నాడు: "ఈమధ్య నీళ్ల గొట్టం మార్చారా? లోపల గాలి చిక్కుకుని ఉంటుంది. అది అడ్డం పడితే వేడినీళ్లు హీటరుదాకా రావు. మా ఇంటి కారుకూ ఒకసారి ఇదే అయింది. ముక్కు పైకి పెట్టి ఇంజను గట్టిగా నడిపితే గాలి మూతలోంచి పోయింది. మీ మూత వదులుగా ఉన్నట్టుంది, ఇంజను చల్లారాక నీళ్లు చూసుకుని బిగించండి." తరవాత వదిన వైపు తిరిగాడు. "వెనక ఏమీ లేకపోయినా బండి జార్చేవాళ్లను రోజూ చూస్తాను. మీరు మనిషి ప్రాణం కాపాడారు. పాసయ్యారు. అభ్యంతరం లేకపోతే ఇంకాసేపు ఇక్కడే కూర్చుంటాను. బయట చలిగా ఉంది."

వదిన స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఎందుకు దాచాలి?

ఇంతలో కిటికీ మీద ఎవరో తట్టారు. డేగకన్ను. కోటు వెనకంతా మంచు, కళ్లద్దాలు ఒక చెవికే వేలాడుతున్నాయి. మాటలన్నీ విన్నట్టున్నాడు.

"చెప్పానా బావా, కిడ్నాపని! నేరస్థుడు గాలి. ఇంజనులో దాక్కుని వేడిని బంధించాడు. మూత వదులు చేసింది నేను, కారు కదలకుండా కట్టడి చేసింది నేను. కేసు ముగిసింది." అని కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, అధికారితో గౌరవంగా అన్నాడు: "అయ్యా, మీ మీద అనుమానం తొలగించాం. కానీ ఆ ఎడమ బూటు మాత్రం మార్చుకోవాలి."

ఇంటికి వదినే నడిపింది. హీటరు నిండుగా వేడి ఊదుతోంది. వెనకసీట్లో డేగకన్ను తన ప్రతిభను తనకే వివరించుకుంటున్నాడు. నేను ముందు కూర్చుని అడిగాను.

"వదినా, ఇన్నాళ్లూ జారిన బండి ఇవాళ ఎలా ఆగింది?"

"వెనక ఎవరూ లేరనుకుంటే కాలు దానంతటదే వదిలేస్తుంది మరిదిగారూ. వాడు అక్కడ పడున్నాడని తెలిశాక వదలనంది. రేపు వ్యానులో పసిపిల్లలుంటారు కదా, అప్పుడూ వదలదులెండి," అంది.

ఊళ్లోకి వచ్చేసరికి ఎత్తు మీద ఎర్రదీపం పడి ఆగాల్సి వచ్చింది. వెనక ఒక్క బండీ లేదు. వదిన చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. అద్దంలోకి చూసింది. ఖాళీ రోడ్డు.

"ఒరే తమ్ముడూ, దిగు."

"ఎందుకు పెద్దక్కా?"

"దిగి వెనక నిలబడు."

వెచ్చటి సీటు వదిలి దిగడానికి ఎవడికైనా ప్రాణం ఒప్పదు. డేగకన్ను కాలర్ పైకెత్తుకుని, "అర్థమైంది, వెనకనుంచి నిఘా," అని హుందాగా దిగి, చలిలో కారు వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పచ్చదీపం వెలిగింది. కారు ఇసుమంతైనా వెనక్కి జారకుండా ముందుకు కదిలింది. ఎత్తు ఎక్కాక వదిన బండిని పక్కకు ఆపి, కొత్త బూట్లతో జారుతూ, పడుతూ, లేస్తూ వస్తున్న తమ్ముణ్ణి వాడు తలుపు దాకా వచ్చేవరకూ అద్దంలో చూస్తూ కూర్చుంది.