ఉడికిన వైరస్

ఆ రోజు పొద్దున కోడలి పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, బొమ్మ పట్టుకెళ్ళాలి, పదింటికి కమిటీ ముందు నిలబడాలి. బొమ్మంటే ఆటబొమ్మ కాదు. పసిపిల్లల నోట్లో, అరచేతుల్లో పొక్కులు తెచ్చిపెట్టే ఎంటెరోవైరస్ పైపెంకుకి ప్లాస్టిక్ నకలు. కొబ్బరికాయంత ఉంటుంది, ఒంటినిండా గుంటలు. అసలు వైరస్ గుంటలో మందు అణువు ఇరుక్కుందా, పెంకు విచ్చుకోదు, దాని ఆట కట్టు. మూడేళ్ళు కష్టపడి ఆమె కనిపెట్టిన మందు ల్యాబులో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. చిక్కల్లా, బొమ్మ గుంటలోకి ఆ మందు అణువుకి నకలుగా చేసిన ఎర్రముక్క చచ్చినా దూరడం లేదు. మందు ఎక్కడ కూర్చుంటుందో ఇవాళ చూపించకపోతే ప్రాజెక్టు మూసేస్తామని కమిటీ ముందే చెప్పేసింది.

"ఏమండీ, వైరస్ వంటింటి గట్టు మీద డబ్బాలో ఉంది. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి!" అని భర్తకు కేకేసి ఆమె స్నానానికి వెళ్ళింది. ల్యాబులో అందరూ దాన్ని అలాగే అంటారు మరి. భర్త చెవుల్లో పాటలు మోగుతున్నాయి. విన్నది అత్తగారు.

అత్తగారు ముప్పై ఆరేళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. క్రిములంటే ఆవిడకు భయం లేదు, పగ. మూతికి గుడ్డ కట్టుకుని, రెండు గరిటెలతో వైరస్‌ని ఎత్తి, సలసల కాగే నీళ్ళలో పడేసి మూత పెట్టారు. ఆ తర్వాత బాధ్యత గల పౌరురాలిగా అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఫోన్ చేశారు.

"కంగారేం లేదు. మా ఇంట్లో వైరస్ ఉడుకుతోంది, అంతే."

సెక్రటరీ లిఫ్ట్ ఆపించి, మెట్ల మీద పరుగెత్తుకొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. సరిగ్గా అప్పుడే లోపల భర్త తుమ్మాడు.

"ఈ ఇంట్లోంచి ఎవరూ బయటికి రావద్దు!" అని సెక్రటరీ తలుపుకు బయట గడియ పెట్టేశాడు.

కోడలు స్నానం చేసి వచ్చేసరికి గిన్నెలో బొమ్మ ఒక పక్కకి ఒరిగిపోయి, గుంటలు సాగిపోయి ఉంది.

"అయ్యో అత్తయ్యా, అది ప్లాస్టిక్ బొమ్మ!"

"ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదే! వైరస్ అని అరిచింది నువ్వు కాదూ?"

కోడలికి నిజంగానే ఏడుపొచ్చింది. గడియారం చూస్తే తొమ్మిదిన్నర. అత్తగారి మనసు చివుక్కుమంది. వెళ్ళి తలుపు దబదబా బాదారు.

"ఏమయ్యా, నా చేత్తో ఉడకబెట్టాక ఇంకా బతికుండే క్రిమి ఎక్కడైనా ఉందా? గడియ తీస్తావా, నిన్నూ ఉడకబెట్టమంటావా?"

గడియ తీశాడు.

కమిటీ బల్ల మీద కోడలు ఆ వంకరబొమ్మను పెట్టి, క్షమాపణ ఎలా మొదలుపెట్టాలా అని చూస్తోంది. ఈలోగా అధ్యక్షుడు ఊరికే ఉండలేక ఎర్రముక్క తీసి గుంటలో నొక్కాడు. టక్కున కూర్చుంది.

"వేడి చేశారా దీన్ని?"

"అనుకోకుండా... అవునండీ."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "మీరు వైరస్‌ని గడ్డకట్టించి తీసిన ఫొటోలు చూసే కదా ఈ బొమ్మ చేసింది? ఒంటి వేడికి అసలు గుంట కూడా ఇలాగే తెరుచుకుంటుందేమో ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. అది చూడ్డానికి ఇంకో ఏడాది గడువిచ్చారు. "ఈ ఆలోచన ఎవరిదో గానీ, వాళ్ళని సలహాదారుగా వేసుకోండి" అని కాగితం మీద రాసి మరీ ఇచ్చారు.

సోమవారం సలహాదారు ల్యాబు మొత్తం కలియతిరిగి, ఇక్కడ ఒక్కరికీ చేతులు కడుక్కోవడం రాదని మొదటి నివేదిక ఇచ్చారు.