కారుకి పెళ్లిచూపులు

శనివారం పొద్దున శ్యామ్ బాబు వేసుకున్న పథకం చిన్నదే. ఎదుర్లంక రేవుకి వెళ్లి, కాకినాడ నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చే ఇన్సూరెన్సు సర్వేయరుని స్కూటరెక్కించుకుని అమలాపురం తీసుకురావాలి. ఆయన సొట్టపడ్డ కారుని చూసి రాసుకోవాలి. ఆయన అటు కదలగానే మెకానిక్కు త్రిమూర్తులు సుత్తి పట్టుకోవాలి. ఆదివారం మస్కట్ నుంచి బావమరిది ప్రకాష్ దిగేసరికి కారూ, తన పరువూ రెండూ నున్నగా ఉండాలి.

ఆ కారు ప్రకాష్‌ది. "వారానికోసారి స్టార్టు చేసి ఆపేయండి బావగారూ, గేటు మాత్రం దాటించకండి" అని తాళం చేతిలో పెట్టి మరీ చెప్పి వెళ్లాడు. హైస్కూల్లో బలము, త్వరణము బోధించే మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా ఇన్నాళ్లూ మాట మీద నిలబడ్డాడు. తీరా శుక్రవారం సాయంత్రం, వచ్చేవాడి కోసం పెట్రోలు కొట్టించి ఉంచుదామన్న మంచిబుద్ధి పుట్టింది. గేటు దాటించాడు. కాలువ లాకుల దగ్గర ఆగి ఉన్న బంగారరాజు ట్రాక్టరుని వెనక నుంచి గుద్దాడు. కారు ముందుభాగం పచ్చడైంది. ఆ ట్రాక్టరుకే తాడు కట్టి ఇంటికి లాగించుకోవాల్సి వచ్చింది.

కొడుకు వస్తున్నాడని ముందే వచ్చి ఉన్న అత్తగారు జయమ్మతో, బయల్దేరేముందు శ్యామ్ బాబు ఇంతే చెప్పాడు. "అత్తయ్యగారూ, కారు చూడ్డానికి ఆఫీసరుగారు వస్తున్నారండీ. కాస్త కనిపెట్టుకుని ఉండండి." సర్వేయరు చూసేదాకా ఎవరూ చెయ్యి వేయకూడదన్న సంగతి కూడా చెప్పాల్సిందే. కానీ అత్తగారి ఎదుట నిలబడి ఎక్కువ మాట్లాడటం మర్యాద కాదని అక్కడితో ఆపేశాడు.

రేవులో పంటు రాలేదు. నడిగోదావరిలో ఇసుక మేటకి తగులుకుని నిలబడిపోయింది. శ్యామ్ బాబు ఒడ్డున అటు నడిచాడు, ఇటు నడిచాడు. టీ చెప్పి తాగడం మరిచిపోయాడు. అవతల త్రిమూర్తులు వేరే పని ఒప్పుకుంటాడేమోనని ఒక దిగులు, సర్వేయరు వెనక్కి తిరిగి పోతాడేమోనని ఇంకొకటి. చివరికి సర్వేయరు వెంకటరాజు చిన్న పడవ ఒకటి పట్టుకుని, మోకాళ్లదాకా తడిసిన ప్యాంటుతో, ఎవరి మీద విసుక్కోవాలో తెలియని మొహంతో ఒడ్డెక్కాడు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. కారు వాకిట్లో తళతళలాడుతూ ఉంది. బోనెట్టు తిన్నగా ఉంది, లైట్లు రెండూ ఉన్నాయి. చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, గ్లాసులో కొబ్బరినీళ్లతో జయమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఏంటత్తయ్యగారూ ఇది?"

"ఆఫీసరుగారు చూడ్డానికి వస్తున్నారన్నారు కదండీ అల్లుడుగారూ. పిల్లని చూసుకోడానికొస్తే మొహం కడక్కుండా కూర్చోబెడతామా? మీరటు వెళ్లగానే త్రిమూర్తులికి కబురెట్టేనండీ."

"ఆయ్. షెడ్డులో ఇదే రంగు బోనెట్టుంటే బిగించేసేనండి" అన్నాడు త్రిమూర్తులు, చేతులు తుడుచుకుంటూ.

"పాత బోనెట్టేదీ?"

"ఇనపసామానోడు ఇందాకే పట్టుకెళ్లిపోయేడండి."

వెంకటరాజు కారు చుట్టూ తిరిగాడు. "దెబ్బ కనపడనిదే నేనేం రాయనండీ?"

శ్యామ్ బాబు పరిగెత్తుకెళ్లి సాక్ష్యానికి బంగారరాజుని లాక్కొచ్చాడు. పెద్దమనుషుల ఎదుట పంతులుగారిని చిన్నబుచ్చడం బంగారరాజుకి చేతకాని పని.

"గుద్దేరనకండి, మేష్టారు అలాంటి మనిషి కాదండి. ఏదో అలా వచ్చి ఆనేరు, అంతేనండి."

"సరిపోయింది. ఈ కారుకి ఏ దెబ్బా తగల్లేదు. అదే రాస్తాను" అన్నాడు వెంకటరాజు.

"లోపల ఉంటాయండీ దెబ్బలు" అన్నాడు శ్యామ్ బాబు, దాదాపు ఏడుపు గొంతుతో.

"అయితే నేనే నడిపి చూస్తాను. తాళం ఇవ్వండి."

కారు ఒక్క పిలుపుకే పలికింది. గేటు దాటి రోడ్డెక్కింది. రోడ్డు కూడా దాటి ఎదురింటి కొబ్బరిచెట్టుని గట్టిగా వాటేసుకుంది. కొత్త బోనెట్టు పాతదానికంటే బాగా ముడుచుకుంది. వెంకటరాజుకి ఏమీ కాలేదు గానీ, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండిపోయాయి.

"నిన్నటి దెబ్బకి పోయిన బ్రేకుల జోలికి పోలేదండి. చూడ్డానికి బాగుండాలన్నారండి అమ్మగారు. తోలతారని ఎవరూ అనలేదండి" అన్నాడు త్రిమూర్తులు మెల్లగా.

శ్యామ్ బాబుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. దెబ్బ మళ్లీ వచ్చింది, దాన్ని చూడాల్సినవాడు అందులోనే కూర్చుని ఉన్నాడు. ఈ లెక్క తేలేలోపే రావులపాలెం వైపు నుంచి ఒక టాక్సీ వచ్చి ఆగింది. నెత్తిన పెట్టెలు, లోపల ప్రకాష్. ఒకరోజు ముందే టిక్కెట్టు దొరికిందట. దిగుతూనే చెట్టుని చూశాడు, కారుని చూశాడు, అందులో కూర్చున్న కొత్తమనిషిని చూశాడు.

"బావగారూ, నా కార్లో ఎవరండీ ఈయన?"

శ్యామ్ బాబు చెట్టు వైపు చూశాడు. వెంకటరాజు ఏదో చెప్పబోయి, కాసేపటి కిందట తన నోటితోనే అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయాడు. జయమ్మ మాత్రం కొబ్బరినీళ్ల గ్లాసు తొణక్కుండా రోడ్డు దాటింది.

"ఇన్సూరెన్సు ఆఫీసరుగారు నాన్నా. నీ కారుకి ఒక్క దెబ్బా తగల్లేదని రాయడానికి, పాపం, కాకినాడ నుంచి వచ్చేరు."