మొదటి టీ దగ్గర రెండు స్ట్రోకులు

ఆ ఇంట్లో గొడవ టూత్‌పేస్టు మూత గురించి మొదలైంది. తీసినవారే పెట్టాలని ఇల్లాలు వాదించింది. పెట్టబోతుంటే ఫోను మోగిందని భర్త చెప్పుకున్నాడు.

"ఫోను మోగితే నియమం మారుతుందా?"

"తల్లీ, ఈ పట్టుదలంతా నా ఒక్కడి మీదే ఖర్చుపెట్టకు. ఆదివారం మా ఆఫీసు గోల్ఫు పోటీకి న్యాయనిర్ణేతగా రా!" అని ఆయన దణ్ణం పెట్టాడు.

ఆవిడ డిగ్రీ చదివిన మనిషి. దణ్ణాన్ని ఆహ్వానంగానే స్వీకరించి, నియమావళి మొత్తం వంటపట్టించుకుంది.

ఆదివారం ఆవిడను మొదటి టీ దగ్గర, అంటే తొలి దెబ్బ కొట్టే చోట, నిలబెట్టారు. కూతురు కూడా చూడటానికి వచ్చింది. నేలమీద రెండు గుర్తులుంటాయి. బంతి వాటి మధ్య గీతకు వెనకే ఉండాలి. ఆ గీత ఎవరికీ కనిపించదు. ఆవిడకు కనిపించింది.

అకౌంటెంటు బంతి కొట్టకముందే జారిపడింది. శిక్ష లేదు, మళ్ళీ పెట్టుకోమంది. టైపిస్టు కర్ర గాలికే తగిలింది. "ఊరికే ఊపి చూశానండీ," అన్నాడు. కొట్టబోయారు కాబట్టి స్ట్రోకే, అంటే లెక్కకొచ్చే దెబ్బే, అంది; ఈ ఆటలో లెక్క తక్కువున్నవారిదే గెలుపు. స్టోరుకీపరు బంతి గీతకు రెండు వేళ్ళు ముందుంది. రెండు స్ట్రోకుల శిక్ష వేసి, వెనకనుంచి మళ్ళీ కొట్టించింది. ఆ కచ్చితత్వానికి స్టోరుకీపరు తప్ప అందరూ ముగ్ధులయ్యారు.

తరువాత భర్తతో కలిసి పెద్ద మేనేజరుగారు వచ్చారు. బంతిని గీతకు మూరెడు ముందు పెట్టారు. భర్త భార్యవైపు చూశాడు. బ్రాంచి మేనేజరు పదవి ఆయనకు ఇవ్వాలా వద్దా అన్నది ఆ పెద్దాయనే తేల్చాలి. ఆవిడ చటుక్కున వంగి చెప్పు పట్టీ బిగించుకుంది. పట్టీ అప్పటికే బిగుతుగా ఉంది.

అప్పుడే నోరు విప్పితే రెండు స్ట్రోకులతో పోయేది. తప్పు దిద్దుకోకుండా తరువాతి గుంతకు ఆట మొదలుపెడితే మాత్రం పోటీలోంచే తొలగించాలి. పెద్దాయన మొదలుపెట్టడమే కాదు, భర్తను ఒక్క స్ట్రోకు తేడాతో ఓడించి కప్పు కూడా ఎత్తారు.

"నియమాలే మన సంస్థకు ఊపిరి! ఈ చెల్లెమ్మ కన్ను చూశారా? తప్పించుకోవడం నావల్ల కూడా కాదు!" అని ఉపన్యసించారు. చప్పట్లు మోగాయి. చెల్లెమ్మ కూడా కొట్టింది.

ఫలితాలు మర్నాడు నోటీసు బోర్డుకెక్కాలి. సాయంత్రం భోజనాల దగ్గర కూతురు అడిగింది.

"అమ్మా, ఆయన బంతి ముందుంది కదా?"

"నీకెందుకే? మీ నాన్న పదవి గుమ్మం దాకా వచ్చింది," అంది అత్తగారు.

ఆవిడ మంచినీళ్ళు తాగి, తీర్పు ప్రకటించింది.

"తప్పు జరిగింది. జరగలేదని నేను చెప్పలేను. అందుకే శిక్ష వేశాను. రెండు స్ట్రోకులు."

"ఎవరికి?"

"మీ నాన్నకి."

"నాన్నేం చేశాడు?"

"పక్కనే ఉన్నాడు."

భర్త హాయిగా ఊపిరి పీల్చుకుని, "మూడు వేయాల్సింది," అన్నాడు వినయంగా. అత్తగారు కోడలి న్యాయబుద్ధికి మురిసిపోయి మరికాస్త వడ్డించింది. ఎవరికీ ముద్ద గొంతుకు అడ్డం పడలేదు. చదువుతున్న మీకు కూడా, పాపం, ఇందులో వింతేమీ కనిపించి ఉండదు.