తాళాల అక్కయ్య తలుపు

ఆ సెలవు రోజు ఉదయం తాళాల అక్కయ్య పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం ఆరింటిదాకా ఎవరు బెల్ కొట్టినా తలుపు తీయకూడదు, ఫోన్ ఎత్తకూడదు. చెప్పుకోవడానికి సులువుగానే ఉంది. కానీ పదహారేళ్ళుగా రెండో బెల్ మోగేలోపే తలుపు తీసే మనిషికి అది చేతులు కట్టేసుకున్నంత పని.

ఆమె మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది, బట్టలు కుడుతుంది. కుట్టుమిషను వెనక గోడకి ఓ చెక్క బోర్డు. ఆ బిల్డింగులోని మిగతా పదకొండు ఇళ్ళవీ, కింద ఉన్న తాళాల రిపేరు షాపుదీ కలిపి పన్నెండు తాళంచెవులు దాని మీద వేలాడుతుంటాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలికతో. ఊరెళ్ళినవాళ్ళ మొక్కలకి నీళ్ళు పోసేది ఆమే. తాళంచెవి మరిచిపోయి వచ్చినవాళ్ళకి ముందు మంచినీళ్ళిచ్చి, ఆ తరవాతే తాళంచెవి ఇచ్చేది ఆమే. ఇలాంటి మనిషి దొరకడం ఆ బిల్డింగు చేసుకున్న అదృష్టం. ఆ సంగతి ఆమెకి తప్ప అందరికీ తెలుసు.

చిక్కంతా ముందురోజు సాయంత్రం టీవీలో వచ్చిన సెలవుల సినిమాతో మొదలైంది. అందులో రొట్టెల దుకాణం నడిపే ఓ దయగల ఆవిడకి, పదేళ్ళ తరవాత తన బతుకెలా ఉంటుందో ఓ బాటసారి చూపిస్తాడు. ముసలిదై, ఇంట్లో జారిపడి, మూడు రోజులు అలాగే ఉండిపోతుంది. ఎవరూ రారు. ఆమె కాలింగ్ బెల్ మీద వేలెడు మందాన దుమ్ము!

ఎదురింటి లెక్కల మాస్టారు కూడా ఆ సినిమా అక్కయ్య ఇంట్లోనే చూశాడు. చూసి పెదవి విరిచాడు.

"అంత మంచిమనిషిని ఎవరూ పట్టించుకోకపోవడమేంటమ్మా? నమ్మేలా ఉందా? ప్రేక్షకుల్ని ఏడిపించడానికి రాసిందే తప్ప లెక్క కుదరట్లేదు."

"బాగానే కుదిరింది మాస్టారూ" అంది అక్కయ్య. "అలాంటివాళ్ళు ఒకళ్ళింటికి వెళ్తారు గానీ, పనుంటే తప్ప వాళ్ళింటికి ఎవరొస్తారు?"

మాస్టారు వెళ్ళాక తమ్ముడికి ఫోన్ చేసి, "నేను పడిపోతే ఎవరికి తెలుస్తుందిరా?" అని అడిగింది. వాడు నవ్వేశాడు. ఆమెకి మాత్రం ఆ దుమ్ము కళ్ళముందు నుంచి పోలేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఒక్కతే ఉండే మనిషికి అది సినిమా కాదు, భయం. అందుకే ఈ పరీక్ష. తను కనిపించకపోతే ఎవరు వెతుకుతారో తేల్చుకోవాలి.

తొమ్మిదింటికి మొదటి బెల్ మోగింది. అలవాటైన కాళ్ళు తలుపు వైపు పరుగెత్తాయి. వాటిని ఆపడానికి వేరే దారి తోచక ఆమె బాత్రూంలో దూరి గడియ బిగించింది. రెండు నెలలుగా వదులుగా ఉన్న గడియ పిడి ఊడి చేతిలోకి వచ్చేసింది. గడియ మాత్రం వేసినచోటే ఉంది. ఊరందరి బట్టలకీ గుండీలు కుట్టిపెట్టే మనిషి, తన గడియకి ఒక్క మేకు కొట్టించుకోలేదు!

వచ్చింది రెండో అంతస్తు నర్సు. డ్యూటీ దిగి వచ్చింది, తాళంచెవి మరిచిపోయింది. నాలుగుసార్లు బెల్ కొట్టి, మాస్టారి తలుపు తట్టింది.

"అక్కయ్య తలుపు తీయట్లేదండీ!"

"తీయకపోవడమేంటి? నాకు చెప్పకుండా గుమ్మం దాటదే!" అన్నాడు మాస్టారు.

వరండాలో మాటలన్నీ వెంటిలేటర్‌లోంచి అక్కయ్యకి వినిపిస్తూనే ఉన్నాయి. పరీక్ష సంగతి పక్కనపెట్టి ఆమె గట్టిగా పిలిచింది. కానీ అప్పటికే మాస్టారు తలుపు బాదుతున్నాడు, నర్సు బెల్ మీద వేలు తీయట్లేదు, మిగతా ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తలో మాటా అంటున్నారు. పదిమంది అరుపుల్లో ఆమె అరుపు కలిసిపోయింది.

మాస్టారు ఆమె తమ్ముడికి ఫోన్ చేశాడు. "తను పడిపోతే ఎవరికి తెలుస్తుందని నిన్న అడిగిందండీ, నేనే వెధవలా నవ్వాను" అంటూ వాడు ఫోన్లోనే గొల్లుమన్నాడు. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సినిమా! అచ్చం ఆ సినిమాలాగే!" అన్నాడు, ముందురోజు లెక్క కుదరలేదన్న మనిషి.

సరిగ్గా అప్పుడే అక్కయ్య ప్లాస్టిక్ మగ్గుతో బాత్రూం తలుపు మీద కొట్టడం మొదలుపెట్టింది.

"విన్నారా? కిందపడి నేల మీద కొడుతోంది!" అంది నర్సు.

ఇక ఎవరూ ఆగలేదు. "ఆవిడ రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని ఎవరో అడిగారు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పన్నెండు తాళంచెవులు దాచిపెట్టే మనిషి, తనది ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తానని అనలేదు సరే, ఇవ్వమని వీళ్ళెవరూ అడగనూ లేదు.

"తాళాల షాపాయన ఉన్నాడుగా!" అన్నాడు మాస్టారు.

షాపాయన తల గోక్కున్నాడు. "పనిముట్లు షాపులో ఉన్నాయండీ. నిన్న తాళంచెవి లోపలే పెట్టి, నొక్కుడు తాళం నొక్కేశాను. రెండోది అక్కయ్య బోర్డు మీదుంది."

మెట్ల కింది బెంచీ పైకొచ్చింది. మూడు దెబ్బలకి వాకిలి తలుపు నిలువునా చీలింది. బాత్రూం తలుపు మాత్రం షాపాయన కుట్టుమిషను స్క్రూడ్రైవర్‌తో అర నిమిషంలో తీశాడు. చేతిలో మగ్గుతో అక్కయ్య బయటికి వచ్చింది. హాలు నిండా జనం. వాళ్ళని చూసి ఆమె మొదట అన్న మాట, "అయ్యో, మంచినీళ్ళు తాగుతారా?"

తరవాత సిగ్గుపడుతూ పరీక్ష సంగతి చెప్పింది. కొందరు ముక్కున వేలేసుకున్నారు. మాస్టారికి మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"చూశావా? అది నమ్మదగ్గ కథ కాదని నిన్ననే చెప్పానా!"

"మీరంతా తాళంచెవుల కోసం వచ్చారు మాస్టారూ" అంది ఆమె నెమ్మదిగా.

అందరూ తలలు దించుకున్నారు. నర్సు ఒక్కతే దించుకోలేదు.

"తొమ్మిదింటికి తాళంచెవి కోసమే వచ్చానక్కా. తొమ్మిదిన్నరకి మా ఆయన తాళంచెవితో వచ్చేశాడు. ఇప్పుడు పది దాటింది. నైట్ డ్యూటీ చేసి, ఇంటికెళ్ళకుండా ఇక్కడెందుకు ఏడుస్తూ నిలబడ్డాననుకున్నావు?"

అక్కయ్య కళ్ళు తుడుచుకోవడానికి చీర చెంగు వెతుక్కుంది, ఆ చేతిలో ఇంకా మగ్గే ఉంది. మాట మార్చడానికి గుమ్మం దగ్గరికి వెళ్ళి కాలింగ్ బెల్ చూసింది. దుమ్ము సంగతి అటుంచి, నొక్కీ నొక్కీ దాని బటనే ఊడిపోయింది.

సాయంత్రానికి కొత్త తలుపు, లాగితే దానంతటదే పడే కొత్త తాళం బిగించారు.

"ఎన్ని తాళంచెవులు చెయ్యమంటావక్కా?" అన్నాడు షాపాయన.

ఆమె "రెండు చాలు" అనేలోపు చేతులు ముందుకొచ్చాయి. లెక్కల మాస్టారు స్వయంగా లెక్కపెట్టి పన్నెండు చేయించాడు, పదకొండు ఇళ్ళకీ షాపుకీ ఒక్కటీ మిగలకుండా స్వయంగా పంచాడు. ఇన్నేళ్ళూ అందరూ మరిచిపోయిన పనిని ఒక్క పూటలో చక్కబెట్టినందుకు ఆయన ఛాతీ ఉప్పొంగింది.

మర్నాడు అక్కయ్య దారపురీళ్ళు కొనుక్కొచ్చి, తన ఇంటి ముందు నిలబడి సంచీ అంతా వెతికి, చివరికి మాస్టారి ఇంటి బెల్ కొట్టింది. ఆయన ముందు మంచినీళ్ళిచ్చాడు.