పందిగుంట పరిరక్షణ కమిటీ

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న మ్యూజియం ఉండేది. వాన పడితే సందర్శకులు బాగా వచ్చేవారు. వాన తగ్గగానే వెళ్ళిపోయేవారు.

దాని క్యూరేటర్ ముళ్ళపంది మాణిక్యాంబ. వాగు పక్కన మట్టిగోడలు లేపించి, నడుమ ఒక ఎండుమాను నిలబెట్టించి, పైన గడ్డి కప్పించింది ఆవిడే. వెనక గోడే వాగుకు గట్టు కూడా. లోపల మొదటి పెద్దపులి గోరు, సగంలో వదిలేసిన ఒక గిజిగాడి గూడు, ఒక ఏనుగు అడుగుజాడ ఉండేవి. ఆ అడుగుజాడను తర్వాతెప్పుడో ఒక కుందేలు తొక్కింది. దాని పక్కన "రెండు యుగాల కలయిక" అని రాసిపెట్టింది మాణిక్యాంబ.

అడవిని మ్యూజియానికి రప్పించడానికి ఆవిడ పెట్టని కార్యక్రమం లేదు. కూతల పోటీ పెడితే కాకి ఒక్కతే వచ్చి రెండో బహుమతి తెచ్చుకుంది. "పెద్దలతో ముచ్చట" అని తాబేలును పిలిస్తే, సోమవారం మొదలుపెట్టి గురువారానికి "సభకు నమస్కారం" దాకా వచ్చింది.

ఒకరోజు అటవీ మండలి అధ్యక్షుడు, ఎలుగుబంటి భల్లూకరావు తనిఖీకి వచ్చాడు.

"ఏమ్మా, ఎంతమంది వస్తున్నారు?"

"వానాకాలంలోనా అండీ, ఎండాకాలంలోనా?"

"సరే, అర్థమైంది. పౌర్ణమికి వారసత్వ దినోత్సవం. ఆలోగా వందమంది రాకపోతే దీన్ని తేనె గోడౌన్ చేసేస్తాం. మా బావమరిది ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

మాణిక్యాంబకు ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. లోపల ముళ్ళు విప్పితే గోడలు గీసుకుపోతాయని గుర్తొచ్చి, గబగబా సర్దుకుంది.

ఆ మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి దిగులుగా బయటికి చూసింది. ముప్ఫై అడుగుల దూరంలో పందిగుంట. అడవిపంది వరాలయ్య తాతముత్తాతలు తవ్విన బురదగుంట అది. పందులు, అడవిదున్నలు, కణుజు దుప్పులు, రెండు ఏనుగులు, అందరూ అందులోనే. తోసుకుంటున్నారు, దొర్లుతున్నారు, ఒకరి మీద ఒకరు బురద చిమ్ముకుంటున్నారు.

"అక్కా, నీ కాలు నా మొహం మీదుంది!" అంటోంది ఒక కణుజు.

"నీ మొహం నా కాలి కిందికి ఎందుకొచ్చిందే?" అంటోంది అడవిదున్న.

మాణిక్యాంబ లెక్కపెట్టింది. నూట ఇరవైమంది. ఇంత చరిత్ర గుమ్మం ముందు పెట్టుకుని, తను గోళ్ళూ గూళ్ళూ ఏరుకుంటోంది! ఆ గుంటను మ్యూజియంలో కలిపేస్తే, గుంటకొచ్చిన ప్రతివాడూ మ్యూజియానికొచ్చినట్టే.

మర్నాడే పందిగుంట పరిరక్షణ కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు భల్లూకరావు. కార్యదర్శి మాణిక్యాంబ. సలహాదారు డాక్టర్ నక్క. ఆయన పక్క అడవిలో మూడు చారిత్రక స్థలాలను పరిరక్షించి వచ్చాడు. ఇప్పుడు అక్కడ ఎవరూ ఉండరట, అంత శుభ్రంగా ఉన్నాయట.

డాక్టర్ నక్క గుంట చుట్టూ మూడుసార్లు తిరిగి పెదవి విరిచాడు. "ఘోరం! వారసత్వ సంపదలో పందులు దొర్లుతున్నాయి."

"అది పందిగుంటేగా సార్," అంది మాణిక్యాంబ.

"అందుకే పందుల వల్ల దానికి ప్రమాదం ఎక్కువ. ముందు తాడు కట్టండి. పది అడుగుల దూరం నుంచి చూడాలి. దిగకూడదు, దొర్లకూడదు, నిట్టూర్చకూడదు."

"నిట్టూర్పు దేనికండీ?"

"వేడి గాలమ్మా. పురాతనమైన బురదకు మంచిది కాదు."

చుట్టూ తీగతాడు బిగించారు. బోర్డు పెట్టారు. బోర్డు మీద భల్లూకరావు పేరు పైనుంచి కిందిదాకా పట్టింది. గుంట పేరుకు చోటు చాలక "వగైరా" అని వేశారు.

వరాలయ్య తాడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ముసలివాడు, ఒక కోర విరిగిపోయింది.

"మాణిక్యమ్మా, ఒక మాట. మేం దొర్లితేనే అది గుంట. మా ఒళ్ళు బంకమట్టిని అదిమితేనే అడుగున నీళ్ళు నిలుస్తాయి. మమ్మల్ని ఆపితే వారంలో ఇంకిపోద్ది."

"వరాలయ్య గారూ, మీరు రోజూ వాడుకునేవాళ్ళు. చరిత్ర విలువ మీకేం తెలుస్తుంది?"

"నిజమేనమ్మా. నాకు వీపుకు తెలిసిందే తెలుసు," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ మాట మాణిక్యాంబకు ఎక్కడో గుచ్చుకుంది. ముళ్ళపందిని గుచ్చిన మాటంటే చిన్నది కాదు. కానీ పౌర్ణమి ఎనిమిది రోజుల్లోకొచ్చింది. అదే ఆవిడ బుర్రలో తిరుగుతోంది.

మూడోరోజుకు అడవికి దురద మొదలైంది. బురద పూత లేకపోతే పిడుదులు ఊరుకుంటాయా? చెవుల్లో, తోకల కింద, ఎక్కడ పడితే అక్కడ పట్టాయి. వాగులో దొర్లుదామంటే అడుగంతా ఇసక, ఒళ్ళు గీరుకుపోయి మంట.

నాలుగోరోజు ఒక అడవిదున్న మ్యూజియంలోకి వచ్చి మట్టిగోడకు వీపు రుద్దుకుంది. కళ్ళు మూసుకుని, "ఆహా" అంది.

మాణిక్యాంబ పులకించిపోయింది. ఇన్నేళ్ళలో ఆ మ్యూజియంలో "ఆహా" అన్నది ఈ దున్న ఒక్కతే.

ఐదోరోజు క్యూ గుమ్మం దాటింది. అందరికీ కావలసింది మొదటి పెద్దపులి గోరు. దానితో గోక్కుంటే ఆ సుఖమే వేరని కబురు అడవంతా పాకింది.

"ఎంతసేపు గోక్కుంటావు బావా? మాకూ వీపులున్నాయి!"

"ఉండవోయ్, ఇప్పుడే అసలు చోటు దొరికింది."

గిజిగాడి గూడును ఒక కణుజు చెవిలో తిప్పుకుని పీచు పీచు చేసింది. ఏనుగు అడుగుజాడ మీద పందిపిల్లలు బోర్లా పడుకుని పొట్టలు రుద్దుకున్నాయి. సాయంత్రానికి రెండు యుగాలూ కలిసిపోయి చదునైపోయాయి. "వస్తువులను తాకరాదు" అన్న బోర్డు అంచు బాగా పదునుగా ఉందని దానికీ గిరాకీ పెరిగింది.

మాణిక్యాంబ చూస్తూనే ఉంది. వద్దనబోయింది. కానీ సందర్శకుల పుస్తకంలో అంకె తొంభై ఆరు దగ్గరుంది. నోరు తెరిచి, "రండి, రండి," అంది.

పౌర్ణమి వచ్చింది. అప్పటికి అంకె నూట నలభై మూడు. మ్యూజియం గోడలు మాత్రం సగం అరిగిపోయాయి. బయట పందిగుంట నెర్రెలు విచ్చి, ఎండిన అప్పడంలా ఉంది.

"చూశారా, ఎంత చెక్కుచెదరకుండా ఉందో!" అన్నాడు డాక్టర్ నక్క.

"నీళ్ళు లేవండీ," అంది మాణిక్యాంబ.

"నీళ్ళు ఆధునికమమ్మా. నీళ్ళు పోయాకే అసలైన పురాతనత్వం బయటపడుతుంది."

ఎండ ఎక్కువగా ఉందని సభ మ్యూజియంలోనే పెట్టారు. భల్లూకరావు ఉపన్యాసానికి లేచాడు.

"ప్రియమైన అటవీ ప్రజలారా! ఈ గుంటను కాపాడటానికి నేను పడిన శ్రమ..." అని ఆగాడు. భుజం ఎగరేశాడు. "నేను పడిన..." నడుము తిప్పాడు. "క్షమించాలి," అని వెనక్కి జరిగి, నడిమధ్య నిలబెట్టిన ఎండుమానుకు వీపు ఆనించాడు.

"అధ్యక్షా, వద్దండీ!" అని అరిచింది మాణిక్యాంబ. "అది కప్పును మోసే మాను!"

భల్లూకరావుకు వినబడలేదు. ఆయన మరో లోకంలో ఉన్నాడు. "పైకి... ఇంకొంచెం పైకి..." అంటూ ఒళ్ళంతా ఊగాడు.

మాను విరిగింది. గడ్డి కప్పు సభికుల నెత్తిన పడింది. అరిగిన గోడలు ఒకదాని వెనక ఒకటి కూలాయి. చివరికి వెనక గోడ వంతు వచ్చింది. వాగు నీళ్ళు తోసుకుంటూ లోపలికొచ్చాయి.

దుమ్ము తగ్గేసరికి మ్యూజియం లేదు. దాని చోట మోకాలి లోతు చిక్కటి, చల్లటి, మేలైన బురద.

వందన సమర్పణ కోసం ఎవరూ ఆగలేదు, అందరూ దొర్లడం మొదలుపెట్టారు.

మాణిక్యాంబ అంచున నిలబడిపోయింది. గోరు పోయింది, గూడు పోయింది, గోడలూ పోయాయి. వరాలయ్య మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు. "నేను ముందే చెప్పానా" అంటాడని ఆవిడ ఎదురుచూసింది. ఆయన అనలేదు.

"లోతున్న చోటు మీకు వదిలాం, దిగండమ్మా. ముళ్ళ కింద దురదకు మీరెన్నాళ్ళ నుంచి ఓర్చుకుంటున్నారో ఏమో."

నిజానికి పుట్టినప్పటి నుంచి. ఆవిడ ఒక కాలు పెట్టింది. తర్వాత మెడ దాకా దిగిపోయింది. "ఆహా" అంది.

భల్లూకరావు బురదలోంచి తల పైకెత్తాడు. "ఇది గోడౌన్‌కు పనికిరాదు. మా బావమరిదికి నేను చెప్పుకుంటాలే. మ్యూజియం మీదే. ఏదీ, ఆ మూల మట్టి ఇటు కాస్త నా వీపు మీద వెయ్యండి."

గట్టు మీద డాక్టర్ నక్క ఒక్కడే పొడిగా ఉన్నాడు. ఆయన కళ్ళు మెరిశాయి. "అద్భుతం! ఇంత సహజమైన గుంట మరోటి లేదు. వెంటనే పరిరక్షించాలి!" అంటూ తాడు చుట్ట విప్పాడు.

మాణిక్యాంబ బురదలోంచి లేచింది. వెనక్కి తిరిగింది. ముళ్ళన్నీ విప్పి, నక్క వైపు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఈసారి గీసుకుపోతాయని దిగులు పడటానికి గోడలు లేవు.

డాక్టర్ నక్క ప్రస్తుతం వేరే అడవిలో సలహాలిస్తున్నాడు.

నీతి: పాతదాన్ని భద్రంగా చంపాలంటే కమిటీ వెయ్యండి, అది బతకాలంటే కమిటీకి దురద పుట్టేదాకా ఆగండి.