మూడింటికి మూతపడే వంటిల్లు

డైటింగ్‌ను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. అన్నం తిని ఇంతవరకూ ఎవరైనా బాగుపడ్డారా? చెప్పండి! మనిషిని దారిలో పెట్టేది ఆకలి ఒక్కటే.

మా ఇల్లే చూడండి. మా అబ్బాయి పురుషోత్తం చార్మినార్ దగ్గర బట్టల దుకాణంలో ముప్పై ఏళ్లుగా గల్లా ముందు కూర్చున్నాడు. వాడు కూర్చున్నాడు, పొట్ట లేచి నిలబడింది. చాంద్రాయణగుట్టలో ఏదో డైట్ సెంటర్‌కు ఫీజు కట్టి ఒక చార్ట్ తెచ్చాడు. ఫ్రిజ్ మీద అంటించాడు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా తినవచ్చు. ఆ తర్వాత మంచినీళ్లే! దాని పేరు ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్. ఆ పేరు కూడబలుక్కుని చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అరవై దాటాక మనవరాలు స్రవ్య దగ్గర అక్షరాలు దిద్దిన నాగమణమ్మను నేను, ఆమాత్రం పట్టదా?

చార్ట్ ఒక్కడిది, పస్తు అందరిదీ. వాడు ఎనిమిదింటికి ఇంటికి వచ్చేసరికి పోపు వాసన కూడా ఉండకూడదట, మనసు చలిస్తుందట! అందుకే మూడు కాగానే కోడలు కమల పొయ్యి తుడిచి వంటింటి లైటు తీసేస్తుంది.

ఎన్ని లాభాలో! గ్యాస్ బండ అయిపోవడం మరిచిపోయింది. బొద్దింకలు సన్నబడ్డాయి. చుట్టాలు చాయ్‌కి బదులు ఇచ్చే చియా గింజల నీళ్లు చూడగానే "మళ్ల వస్తం" అని చెప్పులు వెతుక్కుంటున్నారు. స్రవ్య అయితే బార్కస్ హోటళ్లలో స్నేహితులతో కడుపునిండా తినివచ్చి, ఇంట్లో నిష్ఠగా ఉపవాసం ఉంటోంది.

ఇక మా వాడి వ్యాయామం. దుకాణానికి స్కూటర్ మీద వెళ్లివచ్చి, డాబా మీద పదివేల అడుగులు తిరుగుతాడు. నడక వేరు, వాకింగ్ వేరు! పొద్దున మెషీన్ ఎక్కి వంద గ్రాములు తగ్గానని కేకేస్తే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాలి. నేనూ కొడుతున్నాను, ఖాళీ కడుపుతో చప్పుడు బాగా వస్తుంది.

మొన్న వాడు నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, రాత్రి తినకుంటే పానం మస్తు తేలికైతది గద?"

"అయితది బిడ్డా. నాకు కొత్తనా?"

"కొత్త కాకపోవుడేంది?"

"మీ బాపు పోయినంక మీ నాయనమ్మ నాకు రాత్రి బువ్వ బంద్ పెట్టింది. మొగడు లేనిదానికి ఒంటిపూట సాలన్నది. పదిహేనేండ్లు! ఏ సెంటరుకూ ఫీజు కట్టలే. ఎవ్వలూ చప్పట్లు కొట్టలే."

"నువ్వు దినాం రాత్రి నాకు బువ్వ పెట్టుకుంట 'నేను తిన్న' అంటుంటివి గద!"

"పదేండ్ల పిలగానికి ఇంకేం చెప్తరు?"

వాడు చేతికి కట్టుకున్న అడుగులు లెక్కపెట్టే గడియారాన్ని తిప్పుతూ కూర్చున్నాడు. కమల మాత్రం గుమ్మంలో నిలబడిపోయింది. మా అత్త చనిపోయిన ఏడాదే కోడలిగా వచ్చి, వచ్చిన రోజు రాత్రే నా ముందు కంచం పెట్టి, "తినుండ్రి అత్తమ్మా, నాకొక్కదానికి ముద్ద దిగదు" అన్నది ఆమే. లోపలికి వెళ్లి వంటింటి లైటు వేసింది.

అయినా నేను డైటింగ్ పక్షమే. మాట మార్చే మనిషిని కాను. ఆ చార్ట్ చాలా గొప్పది, అందులో ఒక్క అక్షరం కూడా నేను కొట్టేయలేదు. అడుగున కాస్త చోటు మిగిలితే నా వంకర అక్షరాలతో ఒక్క లైను కలిపానంతే: "రాత్రి ఎనిమిది. నాగమణమ్మకు వేడన్నం, పప్పు, నెయ్యి. తప్పనిసరి."

నిన్న కమల, నేను ఎదురెదురుగా కంచాలు పెట్టుకున్నాం. పోపు వాసన డాబా దాకా వెళ్లినట్టుంది. పైన అడుగులు ఆగిపోయాయి.

"అమ్మా, తిన్నవా?" అని కేకేశాడు.

"తింటున్న బిడ్డా, అబద్ధం కాదు. నువ్వు నడువు!" అన్నాను.