పెద్దాయనకి పెరట్లో ఇల్లు

ఆ ఆదివారం డ్రాయింగ్ మాస్టారికి ఉన్న పని ఒక్కటే. సాయంత్రంలోగా కుక్క కోసం ఒక ఇల్లు ఎంచి, పెరట్లో పెట్టించడం. ఆయన భార్య నర్సు. డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటూనే హెచ్చరించింది.

"నాన్న సాయంత్రం వస్తున్నారు. కుక్క ఇంట్లో ఉంటే గుమ్మం తొక్కనన్నారు. అమ్మ పోయాక మన దగ్గరికి రావడం ఇదే మొదలు. అలిగి వెనక్కి వెళ్ళిపోయారంటే మళ్ళీ రారండీ."

"నువ్వు నిశ్చింతగా వెళ్ళు. నేను చూసుకుంటాగా!"

ఆమె గేటు దాటుతూ, పక్కింట్లో కొత్తగా దిగిన పిన్నిగారికి కూడా నాన్న రాక సంగతి సంబరంగా చెప్పి వెళ్ళింది.

ఆ ఇంట్లో కుక్కని 'పెద్దాయన' అంటారు. మూతి చుట్టూ వెంట్రుకలు నెరిసిపోయి, ముందుకాళ్ళు మడిచి కూర్చుంటే తీర్పు చెప్పబోయే జడ్జిగారిలా ఉంటుంది. ఆ ముఖం చూసి 'నువ్వు' అనడానికి నోరు రాక, మాస్టారు దాన్ని 'మీరు' అనే పిలుస్తాడు.

ఆయన వరండాలో నిలబడి కెన్నెళ్ళు, అంటే కుక్కల ఇళ్ళు, అమ్మే దుకాణానికి ఫోన్ చేశాడు. గోడ అవతల పిన్నిగారు మొక్కలకి నీళ్ళు పోస్తోంది.

"పెద్దాయన కోసమండీ. పెరట్లో పడేస్తాం... వయసా? బాగా ముసలాయనే. సగం పళ్ళు ఊడిపోయాయి. అయినా కొత్తవాళ్ళ మీద అరుస్తాడు... చలా? ఫర్వాలేదు, ఒళ్ళంతా జుట్టే... అబ్బే, కాళ్ళు చాపుకోవడానికి చోటెందుకు, ముడుచుకుని పడుకుంటాడు... గొలుసు మా దగ్గర ఉంది. మొదట్లో కట్టేస్తే అదే అలవాటైపోతుంది."

పిన్నిగారి చేతిలోని పైపు మొక్కల్ని వదిలేసి గోడని తడపసాగింది.

మధ్యాహ్నానికి ఆ మాట వీధంతా గుప్పుమంది. సాయంత్రం మామగారు సందు మొదట్లో ఆటో దిగేసరికి, ఎవరో పోయిన ఇంటికి పరామర్శకి వచ్చినట్టు ముఖాలు పెట్టుకుని జనం ఎదురొచ్చారు. ఒకాయన ఆయన పెట్టె అందుకున్నాడు. ఇంకొకాయన గొడుగు చేతిలో పెట్టి, "వానొస్తే పనికొస్తుంది, ఉంచండి," అన్నాడు.

"వానొస్తే ఇంట్లో ఉంటాను కదయ్యా!"

ఆ మాటకి పిన్నిగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. "మా మేడ మీద గది ఖాళీగా ఉంది అన్నయ్యగారూ. మొహమాటపడకండి," అంటూ విన్నదంతా విన్నట్టే చెప్పింది. గొలుసు దగ్గరికి వచ్చేసరికి మామగారి మీసాలు వణికాయి. ఆయన ఎవరి మాటా వినకుండా నేరుగా పెరట్లోకి నడిచాడు. వీధి వెనకాలే నడిచింది.

పెరట్లో చెక్క కెన్నెల్ దిగింది. వాలు కప్పు, నేల తగలకుండా పొట్టి కాళ్ళు, అన్నీ బాగున్నాయి. పెద్దాయన మాత్రం గుమ్మం వాసన చూసి ముఖం తిప్పేసుకుంది. నమ్మకం కలిగిద్దామని మాస్టారే బిస్కెట్ పట్టుకుని లోపలికి దూరాడు.

"ఎంత హాయిగా ఉందో! రండి పెద్దాయనా, బెట్టు చేయకండి. ఇక మీ మకాం ఇక్కడే!"

"ఇక్కడేనా అల్లుడూ?" అంది బయటి నుంచి ఒక గొంతు.

మాస్టారు ఉలిక్కిపడి లేవబోయాడు. భుజాలు ఇరుక్కుపోయాయి. కంగారులో మోకాళ్ళ మీద కదిలాడు. కెన్నెల్ కూడా ఆయనతో పాటే, తాబేలు డిప్పలా కదిలింది. అది చూసి కుక్క గుండెలవిసేలా అరుస్తూ మాస్టారి పంచె పట్టుకుని లాగింది.

"ముందు ఆ కుక్కని పట్టుకోండి!" లోపలి నుంచి కేక వచ్చింది.

దగ్గరున్నది మామగారే. పట్టుకోక తప్పలేదు. చేతుల్లోకి రాగానే అది ఆయన చంకలో తల దూర్చి గజగజ వణికింది. "ఏం కాలేదురా, ఏం కాలేదు," అన్నాడాయన తనకి తెలియకుండానే.

డ్యూటీ నుంచి వచ్చిన నర్సుకి పెరటినిండా జనం, నడుస్తున్న కెన్నెల్, కుక్కని హత్తుకున్న తండ్రి కనిపించారు. పెద్దాయన ఎవరో ఆమె చెప్పాక నలుగురూ నాలికలు కరుచుకుని, ఆ పైన నవ్వేశారు. పిన్నిగారికి హఠాత్తుగా పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

మామగారు మాత్రం నవ్వలేదు. "అంటే నేనొస్తున్నానని వీణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొడుతున్నారా?"

"మీరే కదా నాన్నా, వద్దన్నారు..."

"అన్నాను. వీడు ఇంత ముసలాడని నాకేం తెలుసు? ఈ వయసులో ఉన్న చోటు వదలడమంటే ఏమిటో మీకు తెలీదమ్మా."

ఆయన కుక్కని దించి, "పదండి పెద్దాయనా, మన గది ఎటో చూపించండి," అన్నాడు. అది తోక ఊపుతూ ముందు నడిచింది. ఆయన గుమ్మంలో ఆగి, కూతురి వైపు తిరిగి, "నేనున్నన్నాళ్ళు ఇక్కడే ఉంటాలే," అన్నాడు. ఆమె చెంపలు తుడుచుకుంటూ నవ్వింది.

తర్వాత నలుగురు మనుషులు పట్టి లాగి మాస్టారిని బయటికి తీశారు. కెన్నెల్ వాపసు తీసుకోవడం కుదరదన్నాడు దుకాణదారు. మనిషి కాపురం ఉన్నాక అది వాడిన సరుకేనట.